డెన్నిస్ రిచీ

డెన్నిస్ మెక్‌అలిస్టేర్ రిచీ (సెప్టెంబరు 9, 1941 - అక్టోబరు 2011) అమెరికా దేశానికి చెందిన ప్రముఖ కంప్యూటరు శాస్త్రజ్ఞుడు. సి ప్రోగ్రామింగు భాష సృష్టికర్తగా, కెన్ థాంప్సన్‌తో కలసి యునిక్స్ ఆపరేటింగు సిస్టమును రూపొందించిన వ్యక్తిగా ఈయన ప్రసిద్ధుడు. కంప్యూటరులో ఒక ఫైలు ఎవరిది, దానిని ఎవరు చదవవచ్చు, ఎవరు మార్చవచ్చు అనే ప్రశ్నలకు కొద్దిపాటి బిట్లతో సమాధానం చెప్పే ఫైలు అనుమతుల పద్ధతి కూడా యునిక్స్‌తోనే వ్యాప్తిలోకి వచ్చింది. అందులో సెట్‌యూఐడీ అనే ముఖ్యమైన భాగం రిచీ ఆవిష్కరణ. నేటి లినక్స్, మ్యాక్ కంప్యూటర్లలో అప్లికేషన్ల అమరికల ఫైళ్ళకు (కాన్ఫిగరేషన్ ఫైళ్ళకు) కాపలా కాస్తున్నది ఈ పద్ధతే. తోటివారు ఈయనను పేరులోని మొదటి అక్షరాలతో డీఎంఆర్ అని పిలిచేవారు.

బాల్యము, విద్యాభ్యాసము

రిచీ న్యూయార్కు రాష్ట్రంలోని బ్రాంక్స్‌విల్ పట్టణంలో జన్మించాడు. తండ్రి అలిస్టేర్ రిచీ బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో శాస్త్రజ్ఞుడు. స్విచ్చింగు వలయాల రూపకల్పనపై వెలువడిన ఒక ప్రామాణిక గ్రంథానికి ఆయన సహరచయిత. కుటుంబం న్యూజెర్సీ రాష్ట్రంలోని సమ్మిట్ పట్టణంలో స్థిరపడటంతో డెన్నిస్ అక్కడి ఉన్నత పాఠశాలలో చదువుకున్నాడు.

1963లో హార్వర్డు విశ్వవిద్యాలయం నుండి భౌతికశాస్త్రంలో పట్టా పొందాడు. తరువాత అక్కడే అనువర్తిత గణితంలో పరిశోధన సాగించి, ప్రోగ్రాముల నిర్మాణానికీ గణన సంక్లిష్టతకూ గల సంబంధంపై 1968లో సిద్ధాంత గ్రంథం వ్రాశాడు. కాని ఆ గ్రంథపు ప్రతిని విశ్వవిద్యాలయానికి సమర్పించే లాంఛనం పూర్తిచేయకపోవడంతో డాక్టరేటు పట్టా మాత్రం చేతికి రాలేదు. ఎన్నో దశాబ్దాలు కనబడకుండా పోయిన ఆ గ్రంథం ఆయన మరణానంతరం వెలుగులోకి వచ్చి, 2020లో కంప్యూటరు చరిత్ర మ్యూజియం ద్వారా అందరికీ అందుబాటులోకి వచ్చింది.

బెల్ ల్యాబ్స్‌లో ప్రవేశం

1967లో రిచీ తండ్రి బాటలోనే బెల్ ల్యాబ్స్‌లో చేరాడు. న్యూజెర్సీలోని ముర్రే హిల్‌లో ఉన్న పరిశోధనశాల ఆయన కార్యస్థానం. ఆ కాలంలో బెల్ ల్యాబ్స్, ఎంఐటీ, జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలు కలసి మల్టిక్స్ అనే భారీ ఆపరేటింగు సిస్టమును నిర్మిస్తున్నాయి. ఒకే యంత్రాన్ని అనేకమంది ఒకేసారి వాడుకోవడం దాని లక్ష్యం. పలువురు వాడే యంత్రంలో ఒకరి ఫైళ్ళను మరొకరి నుండి కాపాడటం తప్పనిసరి కనుక మల్టిక్స్‌లో అందుకు విస్తారమైన ఏర్పాట్లు ఉండేవి. ఏ ఫైలుకు ఏ వ్యక్తికి ఏ హక్కు ఉన్నదో పేరుపేరునా జాబితా వ్రాసుకునే వీలుండేది.

పని ఆలస్యమై, ఖర్చు పెరగడంతో 1969లో బెల్ ల్యాబ్స్ ఆ పథకం నుండి వైదొలగింది. రిచీ, థాంప్సన్ తదితరులకు తాము అలవాటుపడిన ఉమ్మడి వాడుక వాతావరణం దూరమైంది. దానిని చిన్న యంత్రంపైనైనా తిరిగి సాధించాలన్న తపన నుండి యునిక్స్ పుట్టింది.

యునిక్స్ ఆవిర్భావము

1969లో థాంప్సన్, రిచీ, రడ్ కెనడే కలసి ఒక ఫైలు వ్యవస్థకు నమూనా వేశారు. థాంప్సన్ దానిని పీడీపీ-7 అనే పాత యంత్రంపై అమలు చేశాడు. మల్టిక్స్ పేరుపై చమత్కారంగా ఈ సిస్టముకు యునిక్స్ అన్న పేరు వచ్చింది. 1970లో ఈ బృందానికి కొత్త పీడీపీ-11 యంత్రం లభించింది. పత్రాలను సవరించి ముద్రించే సాధనాన్ని తయారుచేస్తామన్న హామీపై ఆ యంత్రాన్ని సంపాదించారు. బెల్ ల్యాబ్స్ పేటెంటు విభాగం దానికి తొలి వాడుకరి అయింది.

ఆ తొలినాళ్ళ పరిస్థితి గమనించదగినది. యంత్రంలో 24 కిలోబైట్ల మెమరీ మాత్రమే ఉండేది. ఒక ప్రోగ్రాము మెమరీలోకి మరొక ప్రోగ్రాము చొరబడకుండా ఆపే రక్షణ ఆ యంత్రంలో లేదు. ఒకవైపు పేటెంటు విభాగపు టైపిస్టులు దరఖాస్తులు టైపు చేస్తుంటే, మరొకవైపు పరిశోధకులు అదే యంత్రంపై కొత్త ప్రోగ్రాములను పరీక్షించేవారు. చిన్న పొరపాటుతో సిస్టము మొత్తం కూలి టైపిస్టుల శ్రమ వృథా అయ్యే ప్రమాదం ఉండేది. డిస్కు చాలా చిన్నది కావడంతో టైపిస్టుల పనిని ఎప్పటికప్పుడు టేపుపైకి ఎక్కించేవారు. ఇతరుల పనిని తన పొరపాటు నుండి కాపాడవలసిన బాధ్యత రిచీ బృందానికి రోజువారీ అనుభవం.

సి భాష

థాంప్సన్ రూపొందించిన బి అనే భాషను ఆధారం చేసుకుని రిచీ 1972 ప్రాంతంలో సి భాషను తీర్చిదిద్దాడు. 1973లో యునిక్స్ కెర్నెలును సి భాషలో తిరిగి వ్రాశారు. అంతవరకు ఆపరేటింగు సిస్టములను ఎక్కువగా ఆయా యంత్రాల అసెంబ్లీ భాషలోనే వ్రాసేవారు. సి భాష రాకతో ఒక యంత్రంపై వ్రాసిన సిస్టమును మరొక యంత్రానికి తరలించడం సాధ్యమైంది. 1978లో బ్రయాన్ కెర్నిఘన్‌తో కలసి రిచీ వ్రాసిన 'ది సి ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్' అనే పుస్తకం ప్రపంచవ్యాప్తంగా పాఠ్యగ్రంథంగా నిలిచింది. 1989లో అమెరికా ప్రమాణాల సంస్థ ఈ భాషకు అధికారిక ప్రమాణాన్ని ప్రకటించింది.

ఫైలు అనుమతులు

1971 నవంబరులో వెలువడిన యునిక్స్ మొదటి ముద్రణ కరదీపికలోనే ఫైలు అనుమతుల వివరణ ఉంది. అప్పుడు ఒక్కొక్క ఫైలుకు 6 బిట్లు ఉండేవి. యజమానికి చదివే అనుమతి, వ్రాసే అనుమతి, ఇతరులకు చదివే అనుమతి, వ్రాసే అనుమతి, ఫైలును ప్రోగ్రాముగా నడపవచ్చునన్న గుర్తు, చివరిది సెట్‌యూఐడీ. మల్టిక్స్‌లోని పేరుపేరునా జాబితాలతో పోలిస్తే ఇది చాలా పొదుపైన ఏర్పాటు. చిన్న యంత్రంలో ఇమడటానికీ, వాడుకరులు సులువుగా గుర్తుంచుకోవడానికీ ఈ పొదుపు ఉపకరించింది.

1974 జూలైలో రిచీ, థాంప్సన్ ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ బిట్లు 7గా వర్ణించబడ్డాయి. చదవడం, వ్రాయడం, నడపడం అనే మూడు హక్కులు యజమానికి వేరుగా, ఇతరులకు వేరుగా ఇవ్వబడ్డాయి. 1978లో అదే వ్యాసాన్ని సవరించి ప్రచురించినప్పుడు యజమానికీ ఇతరులకూ మధ్య సమూహం (గ్రూపు) అనే మూడవ వర్గం కూడా చేరి, మొత్తం బిట్లు 10 అయ్యాయి. వీటిలో 9 బిట్లు మూడు వర్గాలకు మూడేసి హక్కులు కాగా, పదవది సెట్‌యూఐడీ.

ఈ తొమ్మిది బిట్లనే నేటికీ మూడు అంకెల సంఖ్యగా వ్రాస్తారు. చదవడానికి 4, వ్రాయడానికి 2, నడపడానికి 1 చొప్పున కూడితే ఒక్కొక్క వర్గానికి ఒక్కొక్క అంకె వస్తుంది. మొదటి అంకె యజమానికి, రెండవది సమూహానికి, మూడవది ఇతరులకు చెందుతుంది. 644 అంటే యజమాని చదివి వ్రాయవచ్చు, మిగిలిన అందరూ చదవవచ్చు. 600 అంటే యజమానికి తప్ప ఎవరికీ ప్రవేశం లేదు. 777 అంటే అందరికీ అన్ని హక్కులూ ఉన్నట్లు. అనుమతులను మార్చే ఆదేశం పేరు చ్‌మోడ్.

సెట్‌యూఐడీ, పేటెంటు

అనుమతుల పద్ధతిలో ఒక చిక్కు ఉంది. వాడుకరుల సంకేతపదాలు ఉండే ఫైలును సిస్టము నిర్వాహకుడు (రూట్) తప్ప ఇతరులు మార్చకూడదు. కాని ప్రతి వాడుకరికీ తన సంకేతపదాన్ని మార్చుకునే అవకాశం ఉండాలి. ఫైలును అందరికీ తెరిస్తే రక్షణ పోతుంది, మూసివేస్తే పని ఆగిపోతుంది.

దీనికి రిచీ కనుగొన్న పరిష్కారమే సెట్‌యూఐడీ బిట్టు. ఈ బిట్టు ఉన్న ప్రోగ్రామును ఎవరు నడిపినా, అది నడుస్తున్నంతసేపు ఆ ప్రోగ్రాము యజమానికి ఉన్న అధికారంతో పనిచేస్తుంది. ఒకప్పటి గ్రామ పట్వారీ వ్యవస్థతో దీనిని పోల్చవచ్చు. రైతు తనంత తాను పహాణీలో వ్రాయలేడు. పట్వారీ ద్వారా మాత్రం తనకు సంబంధించిన వివరాన్ని వ్రాయించుకోగలడు. పుస్తకం రైతు చేతికి రాదు, పని మాత్రం జరుగుతుంది. అయితే పట్వారీ నమ్మకస్తుడైనప్పుడే లెక్కలు భద్రంగా ఉంటాయి. సెట్‌యూఐడీ ప్రోగ్రాము విషయమూ అంతే.

ఈ ఆవిష్కరణకు బెల్ ల్యాబ్స్ తరఫున 1973 జూలైలో పేటెంటు దరఖాస్తు సమర్పించగా, 1979 జనవరి 16న 4,135,240 సంఖ్యతో అమెరికా పేటెంటు మంజూరైంది. ఆవిష్కర్తగా రిచీ పేరు నమోదైంది. తరువాత ఈ పేటెంటును ప్రజాపరం చేయడంతో ఎవరైనా రుసుము లేకుండా ఈ పద్ధతిని వాడుకునే వీలు కలిగింది.

భద్రతపై రిచీ అభిప్రాయాలు

తన సృష్టిలోని లోపాలను రిచీ దాచలేదు. 1970ల చివరలో యునిక్స్ భద్రతపై వ్రాసిన ఒక చిన్న వ్యాసంలో, అసలు యునిక్స్ భద్రతను ప్రధానంగా దృష్టిలో పెట్టుకుని నిర్మించినది కాదని మొదటనే ఒప్పుకున్నాడు. అన్ని అనుమతులనూ దాటిపోగల రూట్ అధికారం ఏ రక్షణ పద్ధతికైనా మచ్చ వంటిదేనని అభిప్రాయపడ్డాడు. సెట్‌యూఐడీ గల ప్రోగ్రాము ఫైలును ఇతరులు వ్రాయగలిగేలా వదిలివేస్తే, దాని స్థానంలో వేరొక ప్రోగ్రామును ఉంచి ఎవరైనా రూట్ అధికారాన్ని చేజిక్కించుకోవచ్చునని హెచ్చరించాడు.

ఈ హెచ్చరికలోని సారం తరువాతి కాలంలో పలుమార్లు రుజువైంది. లినక్స్‌లో సాధారణ వాడుకరికి తాత్కాలికంగా రూట్ అధికారం ఇచ్చే సుడో ప్రోగ్రాములో 2021 జనవరిలోను, పీకేఎగ్జెక్ ప్రోగ్రాములో 2022 జనవరిలోను తీవ్రమైన లోపాలు బయటపడ్డాయి. రెండూ సెట్‌యూఐడీ ప్రోగ్రాములే. రెండింటిలోను ఆ లోపాలు సంవత్సరాల తరబడి ఎవరి కంటా పడకుండా ఉన్నాయి. వాటి వలన సాధారణ వాడుకరి రూట్‌గా మారే ప్రమాదం ఏర్పడటంతో ప్రపంచవ్యాప్తంగా హడావిడిగా సవరణలు చేయవలసి వచ్చింది.

డెస్కుటాపు కంప్యూటర్లలో అమరికల ఫైళ్ళు

రిచీ కాలంలో ఒక యంత్రాన్ని అనేకమంది పంచుకునేవారు. నేడు ఒక్కరికే ఒక డెస్కుటాపు ఉన్నా అనుమతుల అవసరం తగ్గలేదు. ప్రతి అప్లికేషను తన అమరికలను ఏదో ఒక ఫైలులో వ్రాసుకుంటుంది. లినక్స్‌లో సిస్టము అంతటికీ వర్తించే అమరికలు ఈటీసీ డైరెక్టరీలో రూట్ యాజమాన్యంలో ఉంటాయి. వాడుకరి సొంత అమరికలు అతని హోం డైరెక్టరీలో, సాధారణంగా చుక్కతో మొదలయ్యే పేర్లతో ఉంటాయి.

ఈ ఫైళ్ళలో కొన్నింటిలో రహస్యాలు కూడా ఉంటాయి. పిడ్జిన్ అనే సంభాషణ అప్లికేషను సంకేతపదాలను గుప్తీకరించకుండానే తన ఫైలులో దాచేది. యజమాని తప్ప ఇతరులు చదవలేని అనుమతులే దానికి రక్షణ. ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాము మరింత కచ్చితంగా వ్యవహరిస్తుంది. రహస్య తాళపు ఫైలును ఇతరులు చదవగలిగే స్థితిలో ఉంటే దానిని వాడటానికి నిరాకరిస్తుంది.

సాధారణంగా ఎదురయ్యే చిక్కులు ఇవి:

మొదటిది యాజమాన్యం మారిపోవడం. ఒక అప్లికేషనును ఒక్కసారి రూట్ అధికారంతో నడిపితే, అది వ్రాసే అమరికల ఫైలు రూట్ సొత్తు కావచ్చు. మరునాడు మామూలుగా నడిపినప్పుడు అప్లికేషను ఆ ఫైలులో వ్రాయలేక, మార్చిన అమరికలను మరచిపోతుంది. దీనికి మందు ఫైలును తిరిగి అసలు యజమానికి అప్పగించే చౌన్ ఆదేశం. చాలామంది తొందరపడి 777 అనుమతి ఇస్తారు. దానితో అప్లికేషను పనిచేయవచ్చు గాని ఫైలు అందరి పాలవుతుంది.

రెండవది డైరెక్టరీ అనుమతి. ఫైలుకు ఎంత కట్టుదిట్టమైన అనుమతి ఉన్నా, అది ఉన్న డైరెక్టరీలో వ్రాసే హక్కు గలవారు సాధారణంగా ఆ ఫైలును తొలగించి వేరొకటి పెట్టగలరు. తాళం వేసి గొళ్ళెం మరచిన చందాన అవుతుంది.

మూడవది కొత్త ఫైలుకు లభించే తొలి అనుమతి. 1970ల చివరలో యునిక్స్‌లో చేరిన యూమాస్క్ అనే అమరిక దీనిని నిర్ణయిస్తుంది. యూమాస్క్ 022 అయితే కొత్త ఫైలు సాధారణంగా 644తో, 077 అయితే 600తో ఏర్పడుతుంది.

తెలుగునాట వాడుక

తెలుగు ప్రాంతంలో ఇంజనీరింగు విద్యార్థులకు రిచీ మొదట పరిచయమయ్యేది సి భాష ద్వారానే. జేఎన్‌టీయూ పరిధిలోని కళాశాలల్లో సి భాష తొలి సంవత్సరపు పాఠ్యాంశంగా ఎన్నో తరాల విద్యార్థులకు బోధించబడింది. డెబియన్ ఆధారంగా తెలుగులో తయారైన స్వేచ్ఛ లినక్స్ ద్వారా యునిక్స్ సంప్రదాయపు ఫైలు వ్యవస్థ తెలుగు తెరపైకి వచ్చింది. మల్టిక్స్, యునిక్స్ వంటి సిస్టములు ఉమ్మడి వాడుక కొరకు పుట్టినవి కనుక, ఒకే యంత్రాన్ని పలువురు పంచుకునే పారిశ్రామిక ప్రాంతాలలో వీటి ప్రయోజనం స్పష్టంగా తెలుస్తుంది.

సంగారెడ్డి - పటాన్‌చెరు ప్రాంతం ఇందుకు మంచి ఉదాహరణ. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, పటాన్‌చెరులో 1972లో స్థాపించబడిన ఇక్రిశాట్, పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడలు ఈ ప్రాంతంలో ఉన్నాయి. 2008లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారపు ఆవరణలో మొదలైన ఐఐటీ హైదరాబాదు తరువాత కందిలోని శాశ్వత ప్రాంగణానికి తరలింది.

ఇటువంటి ప్రాంతంలోని ఒక కర్మాగారంలో లారీల బరువు తూచే వేబ్రిడ్జి గదిని ఊహించుకోవచ్చు. అక్కడి లినక్స్ కంప్యూటరుపై మూడు షిఫ్టులలో ముగ్గురు గుమాస్తాలు పనిచేస్తారనుకుందాం. తూకపు యంత్రం ఏ పోర్టుకు కలిపి ఉన్నది, ఖాళీ కాటా సున్నా ఎంత అనే వివరాలు అమరికల ఫైలులో ఉంటాయి. గుమాస్తాల తరఫున నడిచే అప్లికేషను ఆ ఫైలును చదవాలి, కాని గుమాస్తాలు దానిని మార్చరాదు. మారితే ప్రతి లారీ తూకమూ తప్పుతుంది, సరుకు అమ్మినవాడో కొన్నవాడో నష్టపోతాడు. ఫైలుకు నిర్వాహకుని యజమానిగా, గుమాస్తాలను ఒక సమూహంగా చేసి 640 అనుమతి ఇస్తే సరిపోతుంది. నిర్వాహకుడు మార్చగలడు, గుమాస్తాలు చదవగలరు, ఇతరులకు ప్రవేశం ఉండదు. ఆ ఫైలు ఉన్న డైరెక్టరీలో వ్రాసే హక్కు కూడా నిర్వాహకునికే పరిమితం కావాలి. ముగ్గురూ ఒకే లాగిన్‌ను పంచుకుంటే మాత్రం ఎవరు ఏమి చేశారో సిస్టము గుర్తించలేదు. అందువలన ఒక్కొక్కరికి వేర్వేరు ఖాతా ఉండటం ఈ పద్ధతికి పునాది.

పురస్కారాలు

రిచీ, థాంప్సన్‌లకు 1983లో కంప్యూటరు రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం సంయుక్తంగా లభించింది. 1990లో ఇద్దరూ హామింగ్ పతకాన్ని అందుకున్నారు. 1998 సంవత్సరానికి ప్రకటించిన అమెరికా జాతీయ సాంకేతిక పతకాన్ని 1999లో అధ్యక్షుడు బిల్ క్లింటన్ వారికి బహూకరించాడు. 2011లో జపాన్ ప్రైజ్ వారిని వరించింది.

చివరి రోజులు

రిచీ తన ఉద్యోగ జీవితమంతా బెల్ ల్యాబ్స్‌లోనే గడిపాడు. యునిక్స్ తరువాత ప్లాన్ 9, ఇన్ఫర్నో ఆపరేటింగు సిస్టముల నిర్మాణంలో పాలుపంచుకున్నాడు. సిస్టము సాఫ్టువేరు పరిశోధన విభాగానికి అధిపతిగా పనిచేసి 2007లో పదవీ విరమణ చేశాడు. ఈయన అవివాహితుడు.

2011 అక్టోబరు 12న న్యూజెర్సీలోని బర్కిలీ హైట్స్‌లో తన ఇంట్లో మరణించి ఉన్నట్లు కనుగొన్నారు. అప్పటికి ఆయన వయసు 70 సంవత్సరాలు. ఒంటరిగా నివసిస్తున్నందున మరణించిన రోజు కచ్చితంగా తెలియలేదు. ఒక వారం ముందు, అక్టోబరు 5న మరణించిన యాపిల్ సంస్థ వ్యవస్థాపకుడు స్టీవ్ జాబ్స్‌కు ప్రపంచమంతా నివాళులర్పించింది. రిచీ మరణం కంప్యూటరు రంగం వెలుపల పెద్దగా ఎవరి దృష్టికీ రాలేదు. యాపిల్ కంప్యూటర్లలోని ఆపరేటింగు సిస్టము కూడా యునిక్స్ సంతతికి చెందినదే. అదే సంవత్సరం నవంబరులో విడుదలైన ఫెడోరా 16 లినక్స్‌ను రిచీ స్మృతికి అంకితం చేశారు.

ప్రభావము

లినక్స్, మ్యాక్ ఓఎస్, ఆండ్రాయిడ్‌లలో రిచీ ఆలోచనలు సజీవంగా ఉన్నాయి. ఆండ్రాయిడ్ ఫోనులో ప్రతి యాప్‌కు ఒక వేరు వాడుకరి సంఖ్య కేటాయించబడుతుంది. ఒక యాప్ ఫైళ్ళను మరొక యాప్ చూడకుండా ఆపటంలో యునిక్స్ అనుమతుల పద్ధతికి ప్రధాన పాత్ర ఉంది. ఒకనాడు మనుషులను వేరుచేయడానికి పుట్టిన పద్ధతి నేడు ఒకే మనిషి జేబులోని యాప్‌లను వేరుచేస్తున్నది. పేరుపేరునా హక్కులు వ్రాసే జాబితాలు లినక్స్‌లో తరువాత చేరినా, ఆ తొమ్మిది బిట్లు తొలగిపోలేదు. అయితే ఆ బిట్లకు సరైన విలువ ఇవ్వడం నేటికీ వాడుకరి చేతిలోనే ఉంది.